మాట వినే ఫోన్

తార్నాక చౌరస్తాలోని నాగేష్ మొబైల్ షాపుకు ఇద్దరు ఓనర్లు. ఒకడు నాగేష్, రెండోవాడు సాయితేజ. సాయితేజ ఆ షాపులో రూపాయి పెట్టలేదు, జీతం తీసుకోడు, అసలు రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు. ఎదురు సందులో అపార్ట్‌మెంటులో ఉంటాడు, యూనివర్సిటీలో ఎం.టెక్ చదువుతాడు. సాయంత్రమైతే చాలు, వచ్చి కౌంటరుకు ఆనుకుని నిలబడి, ఫోన్ కొనడానికి వచ్చినవాళ్లకు ఏది కొనాలో చెబుతుంటాడు.

అతని కుడి జేబులో ఐఫోన్, ఎడమ జేబులో ఆండ్రాయిడ్. యూట్యూబ్‌లో 'ఏది కొనాలి' అని ఒక చానెల్ కూడా నడుపుతున్నాడు. దాన్ని చూసేవాళ్లలో సగం మంది వాళ్లమ్మ తరఫు కాకినాడ చుట్టాలు. ప్రతి వీడియోలోనూ "సరిగ్గా చూస్తే ఏంటంటే" అని మొదలుపెడతాడు. 'సరిగ్గా' అనేది అతనికి ఊతపదం. ఆ పదమే అతని కొంప ముంచుతుందని అప్పటికి తెలియదు.

ఆ రోజు వాన గట్టిగా పడుతోంది. ఒకమ్మాయి గొడుగు దులుపుకుంటూ షాపులోకి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కౌంటరు మీద పెట్టిన ఫోన్లలో ఒకటి తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"గీడ వాన దంచికొడ్తున్నది. గాడ ఎట్లున్నది?" అంది ఫోన్‌తో.

స్క్రీన్ మీద ఏం వచ్చిందో చూసి, పెదవి విరిచి, కింద పెట్టేసింది. ఇంకోటి తీసింది. మళ్లీ అదే వాన, అదే ప్రశ్న. మూడో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి సాయితేజకు ఆగలేదు.

"ఫోన్ అలా చూడరండి. సరిగ్గా చూస్తే ఏంటంటే, ముందు ప్రాసెసర్ చూడాలి."

ఆ అమ్మాయి అతన్ని కింది నుంచి పైకి చూసింది. "మీరు షాపుల పన్జేస్తరా?"

"లేదండి."

"ఓనరా?"

వెనక నాగేష్ దగ్గాడు. "కాదండి," అన్నాడు సాయితేజ.

"మరి గీడ ఎందుకున్నరు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. బయటికి చూసి, "వానకండి," అన్నాడు.

ఆమె నవ్వలేదు కానీ, నవ్వు ఆపుకోవడానికి గొడుగు మడవడం మొదలుపెట్టింది. సాయితేజ అది గమనించాడు. ఆ క్షణం నుంచి ప్రాసెసర్ గురించి అతను చెప్పిన వాటిలో ఒక్కదానికీ తలాతోకా లేదు.

ఆమె పేరు అమల. ఎం.ఏ. తెలుగు చదువుతోంది. ఇల్లు క్యాంపస్‌ను ఆనుకునే, మాణికేశ్వర్ నగర్‌లో. బస్తీలో ఆడవాళ్లు మాట్లాడే మాటల మీద ప్రాజెక్టు చేస్తోంది. ఫోన్ ఆటోలోంచి కిందపడి, సరిగ్గా కీబోర్డు వచ్చే చోటే పగిలింది. ఇప్పుడు ఏం రాయాలన్నా నోటితో చెప్పాల్సిందే. చెప్పినమాట రాసిపెట్టే యాప్ ఒకటి ఫ్రెండ్ ఎవరో వేసిచ్చింది కానీ, ఆమె చెప్పేదొకటి, అది రాసేదొకటి. తప్పు పాత ఫోన్‌దేమో, కొత్తదైతే వింటుందేమో అని ఆమె ఆశ.

"నాకు ప్రాసెసర్ వద్దు. మాట వినే ఫోన్ గావాలె," అంది.

ఐఫోన్ కొంటే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదని సాయితేజ, పగిలితే ఏ గల్లీలోనైనా బాగుచేస్తారు కాబట్టి ఆండ్రాయిడే నయమని నాగేష్, ఇద్దరూ వాదించుకున్నారు. కెమెరా, బ్యాటరీ, ఛార్జింగ్ వైరు, అన్నీ అయ్యాయి. తీర్పు ఎటూ తేలకుండానే వాన వెలిసింది. చూస్తే అమల లేదు.

మర్నాడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఆమె కనిపించింది. కనిపించింది అనకూడదు. ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడు పనిలేకుండా అంతదూరం నడిచొచ్చి మెట్లన్నీ వెతికితే ఎవరైనా కనిపిస్తారు. తన ఫోన్లు రెండూ ఆమె ముందు పెట్టి, కొన్నాళ్లు ఇది, కొన్నాళ్లు అది వాడి చూసి అప్పుడు కొనుక్కోమన్నాడు. ఇదంతా తన చానెల్ కోసమేనని మరీ మరీ చెప్పాడు. అన్నిసార్లు చెప్పడం చూస్తేనే అమలకు అర్థమైపోయింది.

సిమ్ తీయడానికి పిన్ను మరిచిపోయి వచ్చాడు. అమల చెవి జుంకా తీసి, దాని కొక్కెంతో ట్రే పైకి లాగింది. అతను ఆ జుంకానే చూస్తూ కూర్చున్నాడు.

"ఫోన్ గీడున్నది," అంది అమల, వేలితో చూపిస్తూ.

మొదట ఐఫోన్ అమల ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ ఉప్పలమ్మ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. అంత ఖరీదైన వస్తువు ఇంట్లో ఉందని తెలిసి ఆమెకు నిద్ర పట్టలేదు. పాత చీరముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. సాయితేజ ఫోన్ చేసినప్పుడల్లా బియ్యం మోగేది.

తర్వాత ఆండ్రాయిడ్. అది పలకంత ఉంది. బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుంటే రెండో చేతిలో అది నిలవడం లేదని, ఒకసారి అది కాస్తా పక్కాయన ఒడిలో పడితే ఆయన తిరిగి ఇవ్వడానికి పేరడిగాడని అమల చెప్పింది. సాయితేజ అన్నీ రాసుకున్నట్టు నటించాడు. ఆ పక్కాయన ఎవరో మాత్రం నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

ఈలోగా అమల 'మీరు' మానేసి 'నువ్వు' అనడం మొదలుపెట్టింది. వాళ్ల ఇళ్లల్లో మనిషి దగ్గరైతే మీరు ఉండదు. సాయితేజ ఇంట్లో మర్యాద ఎక్కువ, అతని నోట్లోంచి 'అండి' పోలేదు. ఛార్జర్ పనిచేస్తోందా అని అడగడానికి ఒకరోజు, ఛార్జర్ నిజంగానే పనిచేస్తోందా అని అడగడానికి ఇంకోరోజు వచ్చాడు. ఒకసారి వానలో తాను నిలువునా తడిసి, ఫోన్‌ను మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చి ఇచ్చాడు. కవర్ నువ్వు కప్పుకొని ఫోన్ తడిపినా నడుస్తుండె కదా అంది అమల. అన్నదేగానీ, ఆ తడిసిన మొహం ఆమె కళ్లలోంచి పోలేదు.

అసలు పరీక్ష ఒక శనివారం జరిగింది. రెండు ఫోన్లనూ మెట్టు మీద పక్కపక్కన పెట్టారు. రెండిట్లోనూ ఆ మాట రాసే యాప్ తెరిచారు. ప్రాజెక్టులోంచి వాళ్లమ్మ మాట ఒకటి చెప్పింది అమల.

"పానం బాగలేకుంటే గంజి తాగి పండుకోవాలె."

రెండు ఫోన్లూ ఒకేసారి రాశాయి: 'పానీయం బాగా లేకుంటే గంజాయి తాగి పండుకోవాలి.'

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అమ్మ మెస్‌కు పోలీసులు వస్తారు అని అమల కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు అక్కడితో ఆపి ఇంటికి పోయుంటే ఈ కథ ఇంకో రెండు వారాల ముందే అయిపోయేది. కానీ సాయితేజలో రివ్యూలు చేసేవాడు మేలుకున్నాడు.

"సరిగ్గా చూస్తే ఏంటంటేనండి, రెండు వేరే వేరే ఫోన్లు ఒకే తప్పు చేస్తున్నాయి. అంటే తప్పు ఫోన్లలో లేదు. మీరొకసారి సరిగ్గా పలికి చూడండి. పానం కాదు, ప్రాణం. ప్రా... ణం."

అమల నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతనికి అర్థం కాలేదు. ఇంకోసారి నెమ్మదిగా పలికి చూపించాడు కూడా.

"మా అమ్మ పానం అంటది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నేను పానం అంట. మా బస్తీల అందరు గట్లనే అంటరు. గిన్ని దినాలు నువ్వు నా మాట వింటున్నవనుకున్న. తప్పులు వెతుకుతున్నవా?"

జుంకా తీసి, సిమ్ ట్రే లాగి, తన సిమ్ తీసుకుని వెళ్లిపోయింది. జుంకా మెట్టు మీదే ఉండిపోయింది. సాయితేజ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తాను అన్నదాంట్లో తప్పేముందో అని ఆ సాయంత్రమంతా ఆలోచించాడు. తప్పు కనబడలేదు కానీ అన్నం సహించలేదు.

అమలకు కోపం నిజం. ఆ కోపంతోనే నాలుగు రోజులు గడిపింది. ఐదో రోజు మళ్లీ వాన పట్టుకుంది. కిటికీలోంచి చూస్తే ఎవరో పిల్లాడు పుస్తకాల సంచి గొడుగు కింద పెట్టి తాను తడుస్తూ పోతున్నాడు. అంతే, కోపం కాస్తా నీరుగారిపోయింది. పాత ఫోన్ తీసి, యాప్ తెరిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"నువ్వు యాదికొస్తున్నవ్. వాన వడ్తే ఇంకెక్కువ."

ఏం రాసిందో చూద్దామంటే అక్షరాలు పగులు కింద పడ్డాయి. ధైర్యం పోకముందే పంపేసింది.

తార్నాకలో సాయితేజ ఫోన్ మోగింది. అమల పేరు చూడగానే అతని ప్రాణం, పానం రెండూ లేచొచ్చాయి. తెరిచి చూశాడు.

'నువ్వు వ్యాధికి వస్తున్నావు. వాన పడితే ఇంకా ఎక్కువ.'

మూడుసార్లు చదివాడు. ఎలా చదివినా వ్యాధే. జలుబు, దగ్గు, ఆయాసం, వీటిలో తాను ఏదో ఒకటి అన్నమాట. అంత కోపం ఉంటే బ్లాక్ చేసుకోవచ్చు కదా, ఇలా పేరుపెట్టి మరీ చెప్పాలా అనిపించింది. రోషం వచ్చింది. ఆ రోషంలోనే టైపు చేశాడు: 'సరేనండి. మందు వేసుకోండి.'

మాణికేశ్వర్ నగర్‌లో అమల ఆ జవాబును మెసేజ్ తెరవకుండా, స్క్రీన్ పైన కనబడ్డప్పుడే చదివింది. నువ్వు గుర్తొస్తున్నావని ఒక ఆడపిల్ల తనంతట తాను చెబితే, మందు వేసుకోమన్న మగవాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడనుకుంది. ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఉప్పలమ్మ ఏమైందని అడిగితే ఏడుస్తూ చెప్పింది. అటు సాయితేజ షాపుకు వెళ్లడం మానేశాడు. కొనేవాళ్లు తమకు నచ్చిన ఫోన్లు కొనుక్కుపోతుంటే నాగేష్‌కే ఏదో వెలితిగా ఉంది.

ఆదివారం పొద్దున సాయితేజ వాళ్లమ్మ వేదవతి, ఇలా మంచం పట్టుకుని ఉంటే కుదరదని కొడుకు చేతికి సంచి ఇచ్చి కూరల బండి దగ్గరికి తీసుకెళ్లింది. బండి భారతమ్మది. వేదవతి కాకినాడ నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ బండి అక్కడే ఉంది.

"ఆనపకాయమ్మా, ఏమైపోయినవ్? మస్తు దినాలాయె, రోజు యాదికొస్తున్నవ్," అంది భారతమ్మ.

సంచి పట్టుకుని ఎటో చూస్తున్న సాయితేజ తిరిగి చూశాడు. "ఏమన్నావు?"

"యాదికొస్తున్నదన్న, మీ అమ్మ," అంది భారతమ్మ, తక్కెడ సరిచేసుకుంటూ.

అతను పుట్టింది తార్నాకలోనే. ఆ మాట వెయ్యిసార్లు విన్నాడు. విన్నాడంతే, చెవిలోకి తీసుకోలేదు. వెంటనే ఫోన్ తీసి, ఆ యాప్ తెరిచి, ఆనపకాయల మధ్య నిలబడి, "యాదికొస్తున్నవ్," అన్నాడు.

'వ్యాధికి వస్తున్నావు,' అని రాసింది ఫోన్.

సాయితేజకు ముందు ఒళ్లంతా చల్లబడింది. తర్వాత వేడెక్కింది. తర్వాత తాను పంపిన జవాబు గుర్తొచ్చి, సిగ్గుతో అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

"అమ్మా, నిన్ను ఆనపకాయమ్మ అని ఎందుకంటుంది?"

"వచ్చిన కొత్తలో ఆనపకాయ ఇమ్మని అడిగాన్రా. ఇక్కడ సొరకాయ అనాలని నాకేం తెలుసు. అందరూ నవ్వారు," అంది వేదవతి. "ఈవిడొక్కత్తే నవ్వలేదు. ఏదో వేలు పెట్టి చూపించమంది, చూపించాను. అప్పట్నించీ నా కోసం దాన్ని ఆనపకాయనే అంటోంది. సరిగ్గా మాట్లాడమని నన్నెప్పుడూ అన్లేదు."

సాయితేజ సంచి తల్లి చేతిలో పెట్టాడు. ఇప్పుడే వస్తానన్నాడు. ఎక్కడికిరా, పప్పులోకి ఆనపకాయ ఎవడు మోస్తాడు అని ఆమె అడుగుతుండగానే ఆటో ఎక్కేశాడు.

మాణికేశ్వర్ నగర్‌లో మెస్ ఉప్పలమ్మ ఇల్లంటే నలుగురు నాలుగు గల్లీలు చూపించారు. చివరికి ఒక గుమ్మం ముందు బియ్యం చెరుగుతున్నావిడను అమల వాళ్ల ఇల్లు ఎక్కడని అడిగాడు. ఆమె చాట ఆపి అతన్ని తేరిపార చూసింది.

"మందేసుకోమన్న పిల్లగానివి నువ్వేనా?"

సాయితేజ తలూపాడు. అంతకుమించి తన గురించి చెప్పుకోవడానికేమీ లేదనిపించింది.

"బిడ్డా, నీ డాక్టరొచ్చిండు," అని లోపలికి కేకేసి, ఉప్పలమ్మ చాట తీసుకుని పక్కింటి గుమ్మంలోకి వెళ్లి కూర్చుంది. మరీ దూరంగా మాత్రం వెళ్లలేదు.

అమల బయటికొచ్చింది. ఒక చెవికి జుంకా ఉంది, రెండో చెవి బోసిగా ఉంది. సాయితేజ తన ఫోన్‌లో ఆమె పంపిన మెసేజ్ తెరిచి చూపించాడు. అమల చదివింది. మళ్లీ చదివింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను గిట్ల పంపిన్నా?"

"పంపారండి. వానకి ఎక్కువయ్యే రోగం అనుకున్నాను నేను."

"మరి మందేసుకోమనక ఏమంటవ్," అని గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, అతని మొహం చూసింది. అతను నవ్వడం లేదు.

"ఆ రోజు రెండు ఫోన్లు తప్పు రాస్తే మిమ్మల్ని మార్చుకోమన్నాను," అన్నాడు సాయితేజ. "వినడం రానిది వాటికి. నాకూ రాలేదు. మీరు కోపంగా వెళ్లిపోయిన రోజు నుంచి నాకేమీ తోచడం లేదండి. నేను కూడా ఒక మాట చెప్పడానికొచ్చాను." గొంతు సవరించుకున్నాడు. "నువ్వు... యాదికి వస్తున్నావండి."

అటు నువ్వూ కాదు, ఇటు మీరూ కాదు, రెండు జిల్లాల మధ్య ఇరుక్కుపోయిన ఆ వాక్యాన్ని అమల ఒక వస్తువును చూసినట్టు చూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం మాట వినకుండా నవ్వుతున్నాయి.

"సరిగ్గ పలుకు," అంది.

సాయితేజకు ఆ మాట చురుక్కున తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. మళ్లీ చెప్పాడు.

"యాదికొస్తున్నవ్."

"గిప్పుడు సరిగ్గున్నది," అని ఆమె చెయ్యి చాపింది. "నా జుంకా ఇయ్యి."

చాపిన చేతిలో జుంకా పెట్టాడు. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోవడం అతనికి గానీ, ఆమెకు గానీ గుర్తురాలేదు. పక్క గుమ్మంలో ఉప్పలమ్మ ఒకే చాటెడు బియ్యాన్ని మళ్లీ మొదట్నించీ చెరగసాగింది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద వేరే పని నడిచింది. ఆ యాప్‌లో మనకు కావలసిన పదాలు చేర్చి, పలికి నేర్పే వీలుందని సాయితేజ కనిపెట్టాడు. అమల చెప్పేది, అతను చేర్చేవాడు. గీడ, గాడ, పానం, గంజి. తన తల్లి కోసం ఆనపకాయ కూడా చేర్చాడు. అతను పలికి చూపిస్తే అమల దిద్దేది. చానెల్‌కు వీడియోలు తగ్గాయి, కాకినాడ చుట్టాలు బెంగపెట్టుకున్నారు.

స్కాలర్‌షిప్ వచ్చిన రోజు అమల ఫోన్ కొనడానికి నాగేష్ షాపుకొచ్చింది. తన ఫోన్‌కు గ్లాసు వేయించాలనే వంకతో వేదవతి కూడా కొడుకు వెంట వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఈ అమ్మాయి గురించి ఇంట్లో అప్పటికే అంతా విన్నది, వినాల్సిన దానికన్నా ఎక్కువే విన్నది.

ఏది కొనాలని నాగేష్ అలవాటుగా సాయితేజ వైపు చూశాడు. సాయితేజ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ఆమెనే అడగమన్నాడు. నాగేష్ తన చెవులను తానే నమ్మలేదు.

"ఐఫోన్ మంచిదే గానీ మా అమ్మ నిద్రపోదు," అంది అమల. "గా పెద్దది బస్సుల పట్టుకోరాదు. నాకు గీ చిన్న ఆండ్రాయిడ్ చాలు. చేతుల పడ్తది, పగిల్తే మా గల్లీల బాగు జేస్తరు."

జుంకా తీసి, కొక్కెంతో ట్రే లాగి, సిమ్ వేసింది. సాయితేజ ఆ యాప్‌ను, వాళ్లు చేర్చిన పదాలన్నిటినీ కొత్త ఫోన్‌లోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. అమల ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, అతన్నే చూస్తూ ఒక్క మాట అంది.

"యాది."

ఫోన్ ఒక్క క్షణం ఆలోచించింది. రాసింది. అమల స్క్రీన్ చూసి తల దించేసుకుంది. కౌంటరు మీదుగా నాగేష్ వంగి పైకే చదివాడు.

"షాదీ."

పెళ్లి మాట వినగానే వేదవతి స్టూలు మీద ఒక్కసారి నిటారుగా కూర్చుంది.

"నువ్వే గిట్ల నేర్పినవా దీనికి?" అని అమల గుసగుసగా అడిగింది. లేదని సాయితేజ ఒట్టు పెట్టాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి కాబట్టి ఆ ఒట్టును షాపులో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చెరిపేస్తానని అతను చెయ్యి చాపితే, అమల ఫోన్ ఇవ్వలేదు. తానూ చెరపలేదు.

వేదవతి లేచి వచ్చి, అమల చేతిలోని ఫోన్ తనవైపు తిప్పుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ఆ ఒక్క ముక్కనూ తీరిగ్గా చదివింది. చదివి, అమల చెవికి జుంకా వంకరగా ఉంటే సర్దింది.

"దాన్నలా ఉండనివ్వండర్రా," అంది. "ముందు పరీక్షలు రాయండి. ఇదైతే సరిగ్గానే రాసింది."